వంటింటి గోడకు ఆవలి పట్టరై

మా ఇంట్లో వంటింటికీ పక్కనున్న షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఇటువైపు పొయ్యి, అటువైపు లేత్. నా చిన్నతనంలో పప్పు ఉడికే చప్పుడూ ఇనుము చెక్కే చప్పుడూ కలిసే వినిపించేవి. పోయిన ఏడు ఆ గోడ తీయించి, వంటిల్లు పెద్దది చేయించి, మిగిలిన షెడ్డులో కారు పెట్టుకుందామనుకున్నాం. ప్లాను గీయడానికి వచ్చిన కుర్రాడు టేపు పట్టి కొలుస్తూ, "ఈ రెంటిలో ముందు కట్టింది ఏది సార్?" అని తమిళంలో అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. యాభై ఏళ్ళు దాటిన ఇంటి పెద్దకొడుకుకు తెలియవలసిన సంగతే.

అమ్మ లోపలి నుంచే చెప్పింది: "షెడ్డే ముందు. దాని చూరు కిందికి వంటిల్లు దించారు."

షెడ్డు అంటే మొదట్లో ఎద్దుల బండి కొట్టం. తాత ఒక మిల్లులో ఫిట్టరుగా పనిచేసేవాడు. 1953లో ఎవరో అమ్మేస్తున్న పాత లేత్ కొని తెచ్చి కొట్టంలో దింపాడు. ఎద్దులు వెళ్ళిపోయాయి. కొట్టం పేరు పట్టరై అయింది. తెలుగులో కార్ఖానా అనాలి గాని, మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. ఆ లేత్ కోసమే కరెంటు కనెక్షను వచ్చింది. వంటింట్లో వెలిగిన మొదటి బల్బుకు తీగ, ఆ గోడకు కన్నం పెట్టి షెడ్డులోంచి లాగిందే. కన్నం నిన్నమొన్నటి దాకా ఉంది. వేలు పెడితే మసి అంటేది, అది పొయ్యి మసో ఆయిలు మసో చెప్పడం కష్టం.

మా ఊరు కోయంబత్తూరు. హోసూరు, బరంపురం, యానాం వైపు పాఠకులకు ఇక్కడి తెలుగువాళ్ళ సంగతి కొంత చెప్పాలి. విజయనగర, మధుర నాయక రాజుల కాలాల్లో దక్షిణానికి వచ్చి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన రైతు కుటుంబాలు మావి. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల ఇక్కడ వాన తక్కువ. బావి లోతు ఎక్కువ. మోట తోలితే ఎద్దులకూ మనిషికీ నడుము విరిగేది. ప్రత్తి పండుతుంది గనుక మిల్లులు వచ్చాయి. మొదటి మిల్లు 1888లో వచ్చింది. 1932లో నీలగిరుల మీద పైకారా జలవిద్యుత్తు మొదలై కొండ దిగి వచ్చాక మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. బావుల మీదికి కరెంటు పంపులు వచ్చాయి. మిల్లు యంత్రం చెడినా, బావి పంపు చెడినా బాగుచేసేవాడు ఊళ్ళోనే కావాలి. ఆ అవసరంలోంచి పుట్టినవే ఈ పట్టరైలు.

తాగే నీళ్ళ కథ వేరు. సిరువాణి నీళ్ళు ఊరికి తేవాలని పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే పట్టుబట్టినవాడు పత్రికా సంపాదకుడు ఎస్.పి. నరసింహులు నాయుడు (1854-1922). నీళ్ళు కుళాయిలోకి వచ్చేనాటికి ఆయన లేడు. మా వంటింట్లోకి కుళాయి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంతదాకా బిందె, వీధి కుళాయి, అవ్వ నడుము.

జి.డి. నాయుడుగారి పేరెత్తితే మనవాళ్ళు రేజరు గురించీ, ఆయన వింత వింత ప్రయోగాల గురించీ చెప్పుకుంటారు. 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టి, బడి చదువు పెద్దగా అంటకుండానే 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించిన మనిషి గనుక కథలు పుట్టడం సహజమే. నా మట్టుకు నాకు ముఖ్యమైంది 1937 నాటి సంగతి. పీళమేడులోని ఆయన కర్మాగారంలో, డి. బాలసుందరం నాయుడుగారి బుర్రలోంచి వచ్చిన కరెంటు మోటారు తయారైంది. మన దేశంలో దేశీయంగా తయారైన మొదటి మోటారు అదేనంటారు. బాలసుందరం నాయుడుగారు ఆ తర్వాత టెక్స్‌టూల్ స్థాపించారు. పేరు ఒకరికి ఎక్కువగా, ఒకరికి తక్కువగా దక్కడం లోకంలో ఉన్నదే.

మోటారు ఒక ఊళ్ళో తయారు కావడం మొదలైతే దాని చుట్టూ పది రకాల పనులు పుడతాయి. ఒకడు పోత పోస్తాడు. ఒకడు రాగి తీగ చుడతాడు. ఒకడు షాఫ్టు తిప్పుతాడు. అన్నీ ఒకేచోట చేయాలంటే లక్షలు కావాలి. ఒక్క పనే చేయాలంటే ఒక లేత్, ఒక కొట్టం చాలు. పీళమేడులో 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి, నలుగురు అన్నదమ్ములకు నాలుగు, ధర్మానికి ఒకటి అని పంచుకుని పెట్టిన సంస్థ వల్ల పని నేర్పే బళ్ళు కూడా వచ్చాయి. 1939లో పాలిటెక్నిక్, 1951లో ఇంజనీరింగు కాలేజీ. చదువుకున్నవాళ్ళు అటు వెళ్ళారు, చేతిపని పట్టుబడ్డవాళ్ళు కొట్టాల్లో లేత్‌లు దింపారు. మా తాత రెండో రకం.

ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద తాత చిట్టా పుస్తకాలు ఏడు దొరికాయి. గుడ్డలో చుట్టి ఉన్నాయి. అన్నీ తెలుగు అక్షరాల్లో. షెడ్డులో మాట తమిళం, పనిముట్ల పేర్లు ఇంగ్లీషు, లెక్క మాత్రం తెలుగు. మా నాయన తమిళ బడిలో చదివాడు, తెలుగు మాట్లాడేవాడే గాని చదవడం రాదు. తన తండ్రి లెక్కలు ఆయన ఎన్నడూ చదవలేదన్నమాట. నేను ఉద్యోగంలో చేరాక ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని కూడబలుక్కున్నవాణ్ణి. మూడు రాత్రులు కూర్చుని చదివాను. 1957 ఏప్రిల్ దాకా రూపాయలు, అణాలు, పైసలు. ఆ తర్వాత నయాపైసలు. మొదటి నెల రోజులూ తాత రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకున్నాడు. కొత్త నాణెం మీద నమ్మకం కుదరలేదు కాబోలు.

బెల్టు, పోత ఇనుము, కిరసనాయిలు, ఉలి సానపట్టిన కూలి, రైలు కూలి, పనివాళ్ళకు దీపావళి పంచెలు, అన్నీ ఉన్నాయి. ఒకచోట "టీకి పాలు" అని కూడా ఉంది. కాని పనివాళ్ళ తిండి ఖర్చు ఎక్కడా లేదు. వాళ్ళు తినలేదా అంటే, రోజూ తిన్నారు. పొద్దున ఇడ్లీయో దోసెయో, మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే. బియ్యం మా పొలానివి, కొన్నవి కావు గనుక పద్దు లేదు. వండింది అవ్వ, తర్వాత అమ్మ. దానికీ పద్దు లేదు.

నేను కామర్సు చదివినవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా చిన్న పరిశ్రమల అప్పు దరఖాస్తులు చూస్తున్నాను. 1969లో పద్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాక మా తాతలాంటి వాళ్ళ గుమ్మంలోకి బ్యాంకు వచ్చింది. దరఖాస్తులో యంత్రం ధర, ముడిసరుకు, కూలి, కరెంటు, అద్దె అని గళ్ళుంటాయి. సొంత కొట్టమైతే అద్దె గడిలో కూడా ఒక అంకె వేయమంటాం. వంటిల్లు అనే గడి నేను ఏ దరఖాస్తులోనూ చూడలేదు. కోయంబత్తూరు సరుకు చవక అని పేరు తెచ్చుకుంది. ఆ చవకలో కొంత పనితనం, కొంత పొదుపు. మరికొంత గోడకు ఇటువైపు జరిగిన పని. ఈ మాట నా సొంత లెక్కే, ఎవరి పుస్తకంలోనూ చదివి చెప్పడం లేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచేచోట పదిమందో అంతకు మించో పనిచేస్తే అది ఫ్యాక్టరీ అయ్యేది. అంతకు లోపు ఆ లెక్కలోకి వచ్చేది కాదు. చాలా పట్టరైలు అందుకే ఎనిమిది తొమ్మిదిమంది దగ్గర ఆగేవి. రెండో లేత్, డ్రిల్లింగు మిషను వచ్చాక మా షెడ్డులో ఎనిమిదిమంది ఉండేవాళ్ళు. లోపల అవ్వనూ అమ్మనూ కలిపితే సరిగ్గా పది. వేడుకకు అంటున్నాను, చట్టం లెక్క అలా నడవదని నాకూ తెలుసు.

ఇంతమందికి ఇడ్లీ పిండి అంటే మాటలా? వంటింటి మూల నేలలో సగం పాతిన రుబ్బురోలు ఉండేది. తమిళంలో ఆట్టుక్కల్ అంటారు. అమ్మ 1966లో కాపురానికి వచ్చింది. వచ్చిన మూడోరోజే అవ్వ పొత్రం ఆమె చేతికిచ్చిందట. మినపప్పు వేరు, బియ్యం వేరు, రోజుకు గంటన్నర. నేను కాగితం తీసుకుని లెక్కవేశాను. ఏడాదికి మూడువందల రోజులు, ఎనిమిదేళ్ళు. మూడువేల ఆరువందల గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన నాలుగువందల యాభై షిఫ్టులు. అమ్మకు చూపిస్తే, "మూడువందల అరవైయైదు వెయ్యరా. శలవెవరిచ్చారు?" అంది.

ఎనిమిదేళ్ళే ఎందుకంటే 1974లో మా ఇంటికి గ్రైండరు వచ్చింది. పిండి రుబ్బే కరెంటు గ్రైండరు పుట్టింది కోయంబత్తూరులోనే. 1955లో పి. సభాపతి అనే ఆయన తయారుచేశాడని చెబుతారు. దాని ఉపాయం చూడండి. రోటిలో రోలు కదలదు, పొత్రాన్ని మనిషి తిప్పాలి. గ్రైండరులో దానికి తలకిందులు. పైరాయిని కదలకుండా ఒక కొక్కెంతో పట్టి ఉంచి, కింది రాతితో సహా గిన్నెను తిప్పుతారు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేది. ఆ వేగంతో రాయి తిరిగితే పిండి ఇల్లంతా చిమ్ముతుంది. అందుకని చిన్న పుల్లీ నుంచి పెద్ద పుల్లీకి బెల్టు వేసి వేగం తగ్గిస్తారు. నెమ్మదిగా తిరగడం వల్ల పిండి వేడెక్కదు, బాగా పులుస్తుంది. మిక్సీలో బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది గనుక ఇడ్లీ గట్టిపడుతుంది. ఊత్తుకుళి వైపు రాయి, ఊళ్ళోనే మోటారు, కొట్టాల్లో కడైసల్ పని, మూడూ కలిసిన సరుకు అది. కోయంబత్తూరు గ్రైండరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నన్ను నిలదీసే సంగతి ఇది. తాత చిట్టాల్లో 1968 నుంచి "గ్రైండరు షాఫ్టులు", "గ్రైండరు పుల్లీలు" అన్న పద్దులు మొదలవుతాయి. ఒక కంపెనీకి కూలికి తిప్పి ఇచ్చేవాళ్ళం. అంటే ఆరేళ్ళపాటు గోడకు అటువైపు ఊరందరి గ్రైండర్లకూ షాఫ్టులు తయారవుతూంటే, ఇటువైపు అమ్మ చేత్తో రుబ్బుతూ ఉంది. ఎందుకు కొనలేదని అడిగితే, నాయన ఉన్న రోజుల్లో ఒకసారి, "అప్పట్లో ఎవరికీ తోచలేదురా" అన్నాడు. దుర్మార్గం కాదు అది. తోచకపోవడమే. చివరికి వచ్చింది కూడా కొన్నది కాదు. కంపెనీ తిప్పికొట్టిన రాయి, మా షెడ్డులో అర మిల్లీమీటరు తేడా వచ్చి మిగిలిపోయిన షాఫ్టు, తిరిగి చుట్టిన అరగుర్రం మోటారు, వీటిని నాయన ఒక ఆదివారం బిగించాడు. దానికి ముఖం చెల్లని వస్తువులన్నీ మా వంటింట్లో ముప్పై ఏళ్ళు పనిచేశాయి.

మొదటివారం తాత దోసె తిని, "రోటి రుచి లేదు" అన్నాడట. అవ్వ అప్పటిదాకా ఆయనకు ఎదురు మాట్లాడి ఎరగదు. "రుచి కావాలంటే రోలు ఇక్కడే ఉంది, నువ్వే రుబ్బు" అందట. తాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఈ ఘట్టం అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నవ్వు ఆపుకోలేదు.

గ్యాసు 1981లో వచ్చింది. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షను ఇస్తే, మా వీధికి చేరేసరికి ఇన్నేళ్ళయింది. గ్యాసుతో పాటు నిలువు వంటగట్టు వచ్చింది. అంతదాకా పొయ్యి నేలమీదే, వంట కూర్చునే. గట్టు కట్టిన మేస్త్రి ఆరడుగుల మనిషి. తన మొలకు సరిగ్గా ముప్పై ఆరంగుళాల ఎత్తు కట్టి వెళ్ళాడు. అమ్మ నాలుగడుగుల పదంగుళాలు. నలభై మూడేళ్ళు ఒక చెక్క పీట మీద నిలబడి వండింది. పీట మూడుసార్లు మారింది, గట్టు మారలేదు.

అదే షెడ్డులో తాత చేసిన పని చూడండి. ఫిట్టరు పనిలో మొదటి పాఠం, వైసు పైభాగం మనిషి మోచేతి ఎత్తుకు ఉండాలని. ఎక్కువైతే భుజం, తక్కువైతే నడుము పోతుంది. తాత పొట్టి. లేత్‌ను దించడం కుదరక తాను నిలబడేచోట రైలు స్లీపరు చెక్క వేసుకున్నాడు. వైసు బల్లను మాత్రం తన మోచేతికి కోసి కట్టించుకున్నాడు. చెక్క మీద నిలబడ్డవాళ్ళు గోడకు ఇరువైపులా ఉన్నారన్నమాట. కాని ఒకరికి అది విద్య, ఒకరికి సర్దుబాటు.

ఇప్పుడు అమ్మకాలవాళ్ళు మాడ్యులర్ కిచెన్ అని రంగురంగుల పుస్తకం చూపిస్తున్నారు. దాని ముత్తవ్వ జర్మనీలో పుట్టింది. 1926లో మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు, ఫ్రాంక్‌ఫర్టులో పేదలకూ ఉద్యోగస్తులకూ కడుతున్న ఇళ్ళ కోసం ఒక వంటిల్లు గీసింది. వెడల్పు రెండు మీటర్లకు కొంచెం తక్కువ, పొడవు మూడున్నర మీటర్లకు కొంచెం తక్కువ. రైలు డైనింగు కారులో అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారో చూసి, ఫ్యాక్టరీ పనివాడి కదలికలను గడియారం పట్టి కొలిచే అమెరికా పద్ధతిని వంటింటికి పట్టించింది. కూర్చుని తరగడానికి తిరిగే స్టూలు, పప్పు ఉప్పులకు పేర్లు రాసిన సొరుగులు, జరిపే దీపం. సుమారు పదివేల ఇళ్ళలో అవి కట్టారు. అంతకుముందు తాను వంట చేసి ఎరగనని ఆవిడే తర్వాత చెప్పుకుంది. నూట రెండేళ్ళు బతికి 2000లో పోయింది. ఆ వంటిల్లు ఒక్కరికే సరిపోతుంది, ఆడదాన్ని అందులో ఒంటరిగా బంధిస్తుంది అని తర్వాతివాళ్ళు తప్పుపట్టారు, అదీ నిజమే. అయినా ఫ్యాక్టరీకి ఎక్కడో దూరంగా కూర్చుని ఆవిడ ఆ లెక్కను వంటింట్లోకి తెచ్చింది. మాకు ఫ్యాక్టరీ తొమ్మిదంగుళాల దూరంలో ఉండి కూడా ఆ లెక్క గోడ దాటలేదు.

షెడ్డు 2012లో మూతపడింది. 2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఆడవాళ్ళకు ఉచితంగా మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మా చిన్న షెడ్డుకు అందులో పాలు రాలేదు. మరుసటి ఏడు కరెంటు కోతలు పట్టుకున్నాయి. రోజులో సగం కరెంటు లేకపోతే కూలిపని పట్టరై ఎలా నడుస్తుంది? నాయన చివరి ఇద్దరు పనివాళ్ళకూ లెక్క చెప్పి పంపి తలుపు వేశాడు. ఆ మూడేళ్ళకు ఆయన పోయాడు. లేత్‌లు అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు వాటిని తూకానికి అమ్మేశాం. వైసు బల్ల ఉంచుకున్నాను. రోలు విషయంలో గొడవ వచ్చింది. కొత్త హాలులో ఒక మూల రోలు నిలబెట్టి, మీద ఇత్తడి చెంబు పెట్టి, చూసేవాళ్ళకు మన పాత కాలం తెలిసేలా చేద్దామని నా ఆలోచన. నా భార్య మాట్లాడలేదు. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. గట్టిగా అంది: "దాన్ని నా కళ్ళెదుట పెట్టొద్దు. నువ్వు రుబ్బావా? నా భుజం నొప్పి హాల్లో పెట్టి ఎవరికి చూపిస్తావు?"

చెన్నైలో చదువుకునే మా అమ్మాయి ఆ రోజు ఇంట్లో ఉంది. గ్రైండరు అన్ని భాగాలకూ ఇంగ్లీషులో పేర్లు తెలుసు. ఆ నల్లటి పొడుగురాయిని చూపి, "దీన్నేమంటారు అవ్వా?" అని అడిగింది. "పొత్రం" అంది అమ్మ. అమ్మాయి రెండుసార్లు పలికింది. ఇంకేమి ఉన్నాయని అడిగితే సన్నికల్లు, కత్తిపీట, తిరగలి, ఉట్టి అని అమ్మ చెప్పుకుంటూ పోయింది. రోలు వద్దన్న మనిషే ఆ మాటలు మాత్రం అరగంట చెప్పింది. నేను తాత చివరి చిట్టాలో మిగిలిన తెల్ల కాగితాల మీద అవి రాసుకున్నాను. నలభైకి పైగా వచ్చాయి. కొన్నింటికి మా దగ్గర ఇప్పుడు వస్తువే లేదు.

రోలును నేలలోంచి తవ్వి తీయడానికి నలుగురు పట్టారు. ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు దొరకలేదు, తీసుకుపోవడానికి ఎదురు కూలి అడిగారు. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట బోర్లించాం. గోడ పూర్తిగా తీయలేదు. పైన దూలం దానిమీదే ఆనుకుని ఉందని ఇంజనీరు చెప్పాడు. సగం తీసి, తక్కిన సగం ఉంచాం. కన్నం ఉన్నది తీసిన సగంలో.

గట్టు కట్టేరోజున మేస్త్రి మామూలుగా ముప్పై ఆరంగుళాలకు దారం కట్టబోయాడు. ఆగమని, వైసు బల్ల దగ్గర తాత కొలిచినట్టు కొలుద్దామన్నాను. ఎవరి మోచేయి? నా భార్య అమ్మకంటే జానెడు పొడుగు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కోడలికి కొలవండి, వండేది తనే కదా" అంది అమ్మ. "మీరు ఒక్కరోజైనా పొయ్యి దగ్గరికి రాకుండా ఉంటారా అత్తయ్యా?" అంది నా భార్య. చివరికి రెండు ఎత్తుల గట్టు కట్టించాం. స్టవ్వు ఉన్నది ముప్పై మూడు, కూరలు తరిగే వైపు ఇరవై ఎనిమిది, అక్కడ కాళ్ళు పెట్టుకుని కూర్చోవడానికి కింద ఖాళీ. మేస్త్రి తనకు ఇలాంటిది ఎవరూ చెప్పలేదని గొణుక్కుంటూనే గోడమీద బొగ్గుతో రెండు గీతలు గీసుకున్నాడు.